పేరు పక్కన రెండక్షరాలు

బళ్ళారి జిల్లా హచ్చొళ్ళి పక్కన మా ఊళ్ళో నేను అంగన్‌వాడీ టీచర్ని. ఓటర్ల జాబితా పని కూడా నాదే. మొన్నటి ఎన్నికలకు ముందు, ఇంటి దగ్గరే ఓటు వేసేందుకు పెట్టుకునే ఫారాలు నా చేతికిచ్చారు. ఎనభై ఐదేళ్ళు దాటినవాళ్ళకు, నలభై శాతం, అంతకు మించి వైకల్యముందని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు మాత్రమే. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు ఇవ్వాలి. బెంగళూరుకు కట్టడం పనికి పోయినవాళ్ళ ఇళ్ళల్లో, మావాళ్ళకు లేదా అని అడిగారు. లేదనే చెప్పాను.

నా జాబితాలో ఒకాయన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల వరిమళ్ళలో ఏళ్ళ తరబడి కూలి చేసినవాడు. ట్రాక్టరు కాలవలో బోల్తాపడినప్పుడు కుడికాలు మోకాలి దాకా తీసేశారు. అయినా ఏ ఎన్నికకూ ఆగలేదు. రెండు చంకకర్రల మీద, పోలింగు జరిగే బడిదాకా వచ్చి, ముందుకు రమ్మన్నా పోకుండా వరుసలోనే నిలబడేవాడు.

ఫారం వద్దన్నాడు. "నడుస్తాండా గదమ్మా, నాకెందుకిది?"

నేనే వదల్లేదు. ఎండలు ముదిరాయి, అధికారులే ఇంటికి వస్తారు అన్నాను. ఎక్కువ ఫారాలు తెస్తే పైవాళ్ళు మెచ్చుకుంటారన్న ఆశ కూడా నాకుండింది. ఇది పెట్టుకుంటే బడిలో ఓటు వేయడానికి కుదరదన్న మాట చెప్పాను గానీ, లేచి చెప్పులు వేసుకుంటూ చెప్పాను. ఆయన విన్నాడో లేదో చూడలేదు. వేలిముద్ర అప్పటికే పడింది.

అధికారులు రావడానికి రెండు రోజుల ముందు ఆయన కాలి మొండిలో చీముపట్టి జ్వరం వచ్చింది. భార్య బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయింది. పెట్టె, వీడియో తీసేవాడు, పోలీసు, అందరితో జీపు వచ్చేసరికి తలుపుకు తాళం. ఇంకోసారి వస్తామని తేదీ చెప్పిపోయారు. ఆ తేదీకీ డాక్టరు పంపలేదు. ఆసుపత్రికే పోయి వేయించమని కన్నడలో బతిమాలాను. ఫారంలో రాసిన ఇంటికే రావాలని, మూడోసారి రావడం లేదని చెప్పి, అధికారి కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

పోలింగు రోజు పొద్దున ఆయన ఆటోలో వచ్చి బడి ముందు దిగాడు. ముందురోజే ఇంటికి పంపారట. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను గేటు దగ్గర జాబితా పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే ఆపి చెప్పాల్సింది. నోరు రాలేదు. లోపల ఏదైనా దారి దొరుకుతుందేమో అనుకున్నాను. ఆయన అరగంట వరుసలో నిలబడ్డాడు.

లోపలి అధికారి, పేరు పక్కన ఎర్రసిరాతో రాసిన పీబీ అన్న అక్షరాలు చూపించాడట. పోస్టల్ బ్యాలెట్ కోరినవాళ్ళు ఇక్కడ వేయడానికి లేదన్నాడట. ఆయన బయటికొచ్చి నేరుగా నా దగ్గరే నిలబడ్డాడు.

"నా ఓటు ఎవురేసినారమ్మా?"

"ఎవురూ ఏయలేదప్పా. అట్లే పోయింది."

"పోవడమేంది? నేనీడనే ఉండా గదా."

వరుసలోని వాళ్ళు ఇటు చూస్తున్నారు. నేను జాబితా వైపు తల దించుకున్నాను. ఆయన ఆటో ఎక్కి వెనక్కి పోయాడు.

వారం దాకా ఆ వీధికి పోలేకపోయాను. పోయేసరికి ఆయన ఇంకో భయంలో ఉన్నాడు. జాబితాలోంచి పేరే కొట్టేశారని, ఇక పింఛను కూడా ఆపేస్తారని. ఫోనులో జాబితా తెరిచి పేరు, పక్కనున్న ఫోటో చూపించాను. చదువు రాకపోయినా ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. తప్పు నాదేనని చెప్పాను. మెప్పు కోసం తొందరపెట్టిన సంగతి కూడా దాచలేదు.

ఆయన తిట్టలేదు. "మల్లా ఓట్లొస్తే ఆ కాగితం మాత్రం తేవద్దమ్మా" అన్నాడు.

భార్య టీ తెచ్చి పెట్టింది. వద్దని లేచే ధైర్యం లేక తాగాను.