పగ్గం ఎవరి చేతిలో

గుర్రపుశాలలో అందరూ అతణ్ణి కంగారు మామ అంటారు. ఆకాశంలో కాకి తుమ్మినా తన గుర్రానికి జలుబు చేస్తుందని కిటికీ మూసే మనిషి మరి. పోటీల్లో అడ్డంకులు దూకే ఆ ఆడగుర్రానికి ముందుకాలి లిగమెంటు దెబ్బతిన్నాక నెలల తరబడి ఐసు పెట్టాడు, కట్లు కట్టాడు, దాని కొట్టంలోనే పడుకున్నాడు.

“నా కాలు బెణికినప్పుడు ఎలా ఉందనైనా అడిగావా?” అని, అక్కడే దాణా కలిపే భార్య దెప్పేది.

ఈ ఉదయం డాక్టరమ్మ గుర్రాన్ని మొదటిసారి బయట నడిపించమంది. “మెల్లగా సుమా. ఒక్క గెంతు గెంతిందా, మానుతున్న లిగమెంటు మళ్లీ తెగుతుంది. ఇక అది జన్మలో దూకలేదు.”

కంగారు మామ పగ్గం పట్టుకున్నాడు. గడప దాటగానే గుర్రం చెవులు నిక్కించి, ఉన్నచోటే చిందులు తొక్కబోయింది. అతను పగ్గం బిగించాడు. అది ఇంకా బెదిరింది.

“ఏమయ్యా, నీ గుండెదడ పగ్గం వెంట పాకి దాని ఒంట్లోకి పోతోంది. ఇటివ్వు,” అంది భార్య.

“నీ చేతిలో గెంతితే?”

“నీ చేతిలో అయితే తప్పకుండా గెంతుతుంది.”

అతని ప్రాణమంతా వేళ్లలోనే ఉంది. అయినా ఒక్కో వేలూ విప్పాడు. ఆమె పగ్గాన్ని వదులుగా పట్టుకుని, పొరుగింటావిడతో కబుర్లాడుతున్నట్టు గొణుగుతూ అడుగేసింది. గుర్రం మెడ వాల్చి, ఆవులిస్తూ, ఆమె వెనకే గోడ చివరిదాకా వెళ్లి వచ్చింది.

డాక్టరమ్మ కాలు తడిమి చూసింది. “వేడి లేదు, వాపు లేదు. రేపూ ఇలాగే.”

“రేపు ఈయన్ని ఇంట్లో కట్టేసి వస్తానమ్మా,” అంది భార్య.