వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు

మా సైన్స్ టీచరమ్మ పోయారని మొన్న పొద్దున హుస్సేనీ ఆలంలోని ఆమె ఇంటి నుంచి కబురొచ్చింది. మా బాపు చేతిలో పార అక్కడే వదిలి, కాళ్ళు కడుక్కుని బయల్దేరాడు. ఈ రోజుకీ మా చేతిలో పార ఉందంటే ఆమె వల్లే.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, గుడిమల్కాపూర్‌లో మేం కౌలుకు చేసే చామంతి తోటకు వేరుకుళ్ళు తగిలింది. బాపు మడులన్నీ తడిసేలా మందు పోశాడు. కుళ్ళు ఆగింది గానీ, కొత్తగా నాటిన నారు ఎదగలేదు. ఆకులు ఊదారంగుకు తిరిగాయి. భూమి ఆసామి వచ్చి చూశాడు.

"పోలాల అమాసకు నెలన్నర ఉన్నది, అప్పటి దాక చూస్త. మొక్క లేవకుంటే భూమి ఇటుకబట్టీలోళ్ళకు ఇస్త."

నేను బడిలో ఏడిస్తే టీచరమ్మ ఆదివారం బస్సెక్కి వచ్చారు. మట్టి నలిపి వాసన చూడటం ఆమె అలవాటు. చూసి, "మందు మంచి చెడు చూడదన్నా. మొక్కను సాదే, కంటికి కనపడని పురుగులు గూడ సచ్చినయి" అన్నారు. ఎవరినో అడిగి బాక్టీరియా కలిపిన నల్లపొడి తెచ్చి వేయించారు.

పన్నెండు రోజులైనా ఏమీ మారలేదు. బాపు ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"తప్పు నాదే అన్నా" మళ్ళీ తోటకొచ్చి చూసి అన్నారామె. "మొక్కకు కావాల్సిన భాస్వరాన్ని మట్టిల ఆ పొడిల బాక్టీరియా కరగబెడతది. కానీ వేరుకు అందియ్యాలె గద. అది బూజు పని. సన్న దారమోలె వేరు పోలేని కాడికి పోయి తెస్తది. మొక్క దానికి చక్కెర పెడ్తది. నేను వండేటోళ్ళను తెచ్చిన, వడ్డించేటోళ్ళను మరిచిన."

"బూజుతోనే గద పంతులమ్మా కుళ్ళు వచ్చింది. మళ్ళ వస్తే?"

"ఇది వేరే బూజు. అయినా రాదని ఒట్టు పెట్టలేను. మా పెరటి మట్టిల ఈ బూజు ఉన్నది, అక్కడి చామంతులకైతే కుళ్ళు రాలే."

చివరికి బాపు, మందు ఎరగని ఆ పెరటి మట్టిని, సన్నవేళ్ళతో సహా, తేడా తెలియడానికి రెండు సాళ్ళు విడిచి, మిగతా తోటంతా మొక్కకింత చొప్పున వేశాడు. ఆ నెలంతా రోజూ తెల్లారకముందే లేచి ఆకులు తిప్పి చూశాడు.

అమావాస్య నాడు ఆసామి వచ్చే వేళకు టీచరమ్మ కూడా బడికి సెలవు పెట్టి వచ్చారు. కొన్ని మొక్కలు చచ్చిపోయాయి. మిగిలినవి జానెడు లేచి, కొత్త ఆకు పచ్చగా వేశాయి. ఆమె ఒకటి పెకిలించి ఆసామి చేతికిచ్చారు. తెల్లటి వేళ్ళకు మట్టి కరుచుకుని ఉంది. ఆయన దాన్ని దులిపి చూసి, విడిచిన రెండు సాళ్ళ వైపు తిరిగాడు. అవి ఇంకా ఊదాగానే, బెత్తెడే ఉన్నాయి.

"సరే. పూలు కోసినంక మాట్లాడుదం" అని వెళ్ళిపోయాడు.

బాపు దండం పెట్టబోతే టీచరమ్మ వద్దన్నారు. అంతవరకు నిబ్బరంగా ఉన్న మనిషి గట్టు మీద కూలబడ్డారు. చెప్పులు విప్పి, తడి మట్టిలో పాదాలు ఆనించి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంటూ, ఎండెక్కేదాకా అక్కడే కూర్చున్నారు.