రాములు సార్ తీయించిన సర్కారు తుమ్మ

ఫలక్‌నుమా స్టేషన్ బయట టీ దుకాణంలో ఇప్పటికీ కట్టెల పొయ్యే. సర్కారు తుమ్మ పొగ కళ్ళకు తగిలితే రాములు సార్ గుర్తొస్తారు. డెబ్బైల చివర, నేను బందరు నుంచి వచ్చి వ్యవసాయ శాఖలో కొత్తగా చేరినప్పుడు ఆయన నా పై అధికారి. తమ భూమిని ముళ్ళచెట్లు కమ్మేశాయని ఎవరు వచ్చి చెప్పినా, మరునాడు అక్కడ ఉండేవారు. వెనకాల నేను, చీర కుచ్చిళ్ళకు పట్టిన ముళ్ళు పీక్కుంటూ, విసుక్కుంటూ.

బాలమణమ్మ అలాగే వచ్చింది. భర్త పోయాక, గుట్ట పక్కనున్న తన భూమిలోని మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి పిల్లల్ని సాకుతోంది. సర్కారు తుమ్మ ఆ మోదుగను మింగేసింది. నరికించిన ప్రతిసారీ రెట్టింపై లేచింది.

“ఆకు లేకుంటే జాగ అమ్ముకునుడే సారూ,” అంది.

సార్ రొట్టెల భట్టీల వాళ్ళను పిలిచి ఒకటే బేరం పెట్టారు. “కట్టె మీకు ముఫత్. గని వేరు సుదా తవ్వి తీస్కపోవాలె. మోడు మిగిలితే బండి కదలనియ్య.” వాళ్ళు పెద్ద లొల్లి చేశారు. ఆయన పోయి బండి ముందు కూర్చున్నారు. వాళ్ళు చచ్చినట్టు తవ్వారు. రెండు వానాకాలాలు గడిచేసరికి మోదుగ చిగిర్చింది, మధ్యలో తంగేడు కూడా లేచింది. ఇక ఆ గుట్ట వైపు వెళ్ళక్కర్లేదని నేను సంబరపడ్డాను.

అప్పుడు భూములు కొని ప్లాట్లు చేసి అమ్మేవాళ్ళ కళ్ళు దానిమీద పడ్డాయి. ముళ్ళున్నన్నాళ్ళు అటు తొంగిచూడనివాళ్ళు, అమ్మెయ్యమంటూ రోజూ ఆమె గుమ్మంలోనే. బాలమణమ్మ ఆఫీసుకొచ్చి ఏడ్చింది. “ముండ్లే మంచిగుండె సారూ. గిప్పుడు ఒక్కదాన్ని ఎట్ల తట్టుకోవాలె?”

నాకు ముక్కు మీద కోపం. ఆమె వెళ్ళాక, “మన పని అయిపోయింది కదా సార్. అమ్ముకోవడం, మానుకోవడం ఆమె ఇష్టం,” అన్నాను.

“ఆమె ఇష్టమే అమ్మా. గా ఇష్టం ఆమెను చెప్పనియ్యాలె గద! ముండ్లు తీసింది మనమే.”

ఆ సాయంత్రం నుంచి ఆఫీసు వదలగానే ఆయన బాలమణమ్మ వాకిట్లో కూర్చునేవారు. విస్తళ్ళకు పుల్లలు చీల్చి ఇచ్చేవారు. ప్లాట్ల వాళ్ళు వస్తే ఆమె ఆయన వైపు చూసేది. ఆయన పుల్లల వైపు చూసేవారు. మొదట్లో ఆమె రేపు మాపు అంటూ నసిగేది. ఒకరోజు నేనూ వెళ్ళాను. ఆమె కుడుతున్న విస్తరి కింద పెట్టకుండానే, “నేను అమ్మను. మళ్ల రాకుండ్రి,” అంది. వాళ్ళు వెళ్ళిపోయారు.

సార్ అప్పుడు లేచి చెప్పులు వేసుకున్నారు.

“ఇగ పోదాం పా అమ్మా. గిప్పుడైంది మన పని.”

ఎవరికైనా ఏదైనా చేసిపెట్టి లేవబోయినప్పుడు, నేను ఇప్పటికీ మళ్ళీ కూర్చుంటాను.