కొంగు చాటున కొన్న సైకిలు

మా జోడెద్దుల్లో ఎడమది చచ్చిపోయిన ఏడాది నేను సైకిలు కొన్నాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఎద్దుకూ సైకిలుకూ ఏం సంబంధం అంటారు. సంబంధం ఉంది. ఆ సైకిలును నేను ఎద్దును చూసినట్టే చూశాను, ఎద్దును బేరమాడినట్టే బేరమాడాను.

మా ఊరు తిరుపతికీ శ్రీకాళహస్తికీ నడుమ, స్వర్ణముఖి ఒడ్డున ఉంది. కొండ వార మోదుగాకు దండిగా దొరికేది. వంటలయ్యాక మా వీధి ఆడవాళ్లందరం కూర్చుని సన్నటి పుల్లలతో విస్తళ్లు కుట్టేవాళ్లం. వాటిని కట్టలు కట్టి, బండి మీద తిరుపతికి తీసుకుపోయి సత్రానికి వేసేవాడు నా మొగుడు. ఆయన చలిజ్వరంతో పోయాడు. ఆ వెంటనే ఎడమ ఎద్దు పోయింది. ఒంటెద్దు జోడెద్దుల బండిని లాగదు కదా. నేను రెండు కట్టలు నెత్తిన పెట్టుకుని నడిచి చూశాను. రెండు కట్టల ఆకుతో సత్రంలో ఒక బంతి భోజనాలు కూడా లేవవు. బస్సు ఉండేది గానీ, యుద్ధం రోజుల్లో అది బొగ్గుతో నడిచేది. ఎక్కడ ఆగుతుందో దాన్ని తోలేవాడికే తెలియదు.

మా పక్కింట్లోనే మా బావ ఉండేవాడు. నా మొగుడికి అన్న. చెడ్డవాడు కాదు. పక్కవాడి చేతిలో ముద్ద కనబడితే అది తానే కలిపి పెట్టాలనుకునే రకం మనిషి.

"ఆ ఒంటెద్దును నాకిచ్చేసి మా ఇంట్లోకి వచ్చెయ్ మ్మే," అన్నాడు. "మూడు పూటలా అన్నం పెడతా. పెద్దోళ్లింట్లో తినేదానికి నామోషీ ఏముండాది?"

ఆ అన్నం ఎలాంటిదో నాకు తెలుసు. మా మేనత్త అలాగే తిన్నది. అందరికంటే ముందు లేచి పేడ ఎత్తి, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని, ఒక చీర కావాలంటే ముగ్గురి ముఖాలు చూసి బతికింది. ఆ బతుకు నాకొద్దు అనుకున్నాను. నా కాళ్లు బాగున్నాయి, నా చేతులు బాగున్నాయి.

"ఎద్దును సంతలో అమ్మతా బావా. సైకిలు కొంటా," అన్నాను.

"ఎవురు తొక్కేది?"

"ముందు కొననీ."

"నేను తొక్కుతాలే," అన్నాడు బావ. అప్పటికే నిర్ణయం అయిపోయినట్టు.

ఎద్దు అమ్మిన డబ్బు రొండిన దోపుకుని, సత్రానికి వేయాల్సిన నాలుగు కట్టలూ బొగ్గుబస్సు మీద వేయించుకుని, బావతో తిరుపతికి వెళ్లాను. రైలుస్టేషను వైపు ఒక సైకిళ్ల అంగడి ఉండేది. ఓడల్లో వచ్చే సీమ సరుకు తగ్గిపోయి అందులో ఒక్కటే కొత్త సైకిలు మిగిలింది. కమ్మీలకు చుట్టిన కాగితం ఇంకా తీయలేదు. నల్లగా నిగనిగలాడుతోంది. అబద్ధమెందుకు, నా మనసు కూడా దాని మీదికి పోయింది.

అంగడాయన నా ముఖం చూడలేదు. మాటంతా బావతోనే. "ఎక్కి కూసోప్పా, ఎట్లుంటాదో నువ్వే సూడు."

బావ ఎక్కాడు. గంట ఒకసారి మోగించాడు. ఇంకోసారి మోగించాడు. తర్వాత వీధిలోకి చూశాడు, తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారా అని. ఆ చూపుతో నాకంతా అర్థమైపోయింది. ఈ సైకిలు కొంటే తొక్కేది ఆయన. సత్రంలో డబ్బు పుచ్చుకునేదీ ఆయనే. సాయంత్రం నా చేతిలో ఎంత పెడితే అంత. ఎద్దు పోయి, డబ్బు పోయి, నేను అదే గిన్నె అడుగుకు చేరతాను, కాస్త చుట్టు దారిలో.

"మూట ఏసి నడిపి సూడొచ్చా?" అని అడిగాను.

"ఏం మూటమ్మా?"

"ఆకుల మూట. బరువేసి నడిపించకుండా ఎద్దును ఎవురన్నా కొంటారా?"

అంగడాయన పక్కున నవ్వాడు. "కొత్త పెండ్లికూతురి నెత్తిన కట్టెలమోపు ఎత్తి సూస్తారామ్మా?"

"మా ఊర్లో మూడో దినానికే ఎత్తతారు," అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. వెనక మూట పెట్టుకునే చట్రానికి డబ్బు వేరే అన్నాడు. స్టాండు వేరే అన్నాడు. దీపం వేరే. మునిసిపాలిటీ పన్ను కట్టిన బిళ్ల మీరే తెచ్చుకోవాలన్నాడు.

"ఎద్దొక ధర, కొమ్ములొక ధర అన్నట్టుండాదే," అన్నాను. బావకు కోపం వచ్చింది. ఆయన ఇంకా సీటు దిగలేదు.

పాత సైకిలు ఒకటి ఉందని నాకు ముందే తెలుసు. ఊరూరా తిరిగి కాన్పులు చేసే కిరస్తానీ నర్సమ్మ ఒకామె ఉండేది. మా ఊరికీ వచ్చేది. ఆమెను చిత్తూరు ఆసుపత్రికి మార్చారు, అక్కడ ఊళ్లు తిరిగే పని లేదు. తిరుపతిలో ఇల్లు ఖాళీ చేసేలోగా సైకిలు అమ్మేస్తానని విస్తళ్లు కుట్టే చోట చెప్పింది.

"ఎవురో తొక్కి పారేసిన సైకిలా!" అన్నాడు బావ.

"ఎద్దును కొన్నామంటే అది ఎవురో తోలిందే కదా బావా," అన్నాను.

నర్సమ్మ ఇల్లు ఆ అంగడికి రెండు వీధుల అవతల. సైకిలు వాకిట్లో గోడకు ఆనించి ఉంది. రంగు అక్కడక్కడా లేచిపోయింది. వెనక చట్రం మాత్రం గట్టిది. ఆమె మందుల పెట్టె, బట్టలు, వానాకాలంలో బియ్యం మూటతో సహా సత్యవేడు దాకా మోసిన చట్రం. వెనక చక్రానికి రెండు వైపులా తాళ్లతో వల అల్లి ఉంది, చీర అంచు చువ్వల్లో పడకుండా.

బావ చుట్టూ తిరిగాడు. "ఇదేంది, నడుం కమ్మీ లేదు! ఇరిగిపోయిందా?"

"ఇరగలేదప్పా, ఇది ఆడోళ్ల సైకిలు," అంది నర్సమ్మ. "చీర కట్టుకుని ఎక్కేదానికి అట్ల చేస్తారు."

"థూ! దీన్ని మొగోడు ఎక్కితే ఊరు నవ్వదా?"

ఆ మాటతో ఆ సైకిలు నాదైపోయింది. దాన్ని ఆయన ఈ జన్మలో ఎక్కడు.

అయినా చూడకుండా కొనలేదు. ముందు చక్రం ఎత్తి తిప్పాను, తొణక్కుండా తిరిగింది. గొలుసు తిరిగే చక్రానికి పళ్లు ఉంటాయి కదా, వంగి అవి చూశాను. అరిగాయి గానీ ఒరిగిపోలేదు. "పండ్లు గూడా సూస్తాండాది, ఎద్దుకు మాదిరి వయసు చెప్తాది ఇప్పుడు," అని బావ ఎగతాళి.

"ఎనక టైరు ముసల్దయింది అక్కా," అంది నర్సమ్మ. "దాచిపెట్టి అమ్మను. ఈ యుద్ధంలో కొత్తది దొరికేదీ లేదు. సూసుకుని తీసుకో." ఆ మాట నాకు నచ్చింది. సంతలో ఎవరూ ఎద్దు కుంటుతుందని ముందే చెప్పరు.

ఇక బరువు చూద్దామని మేం మోసుకొచ్చిన నాలుగు కట్టలూ వెనక చట్రానికి కట్టాను, అటు రెండు, ఇటు రెండు, ఎద్దు వీపున వేసినట్టు సమంగా. చెయ్యి వదిలాను. సైకిలు ముందు చక్రం గాలిలోకి లేచింది! గుర్రం లేచినట్టు లేచి, తోక మీద కూలబడింది. బావ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నర్సమ్మా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

నాకు సిగ్గేసింది, కానీ కారణం వెంటనే తట్టింది. బండికి వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దు గొంతు పట్టేస్తుంది. బండి నింపేటప్పుడు ముందుకు కాస్త మొగ్గు ఉంచాలి. నేను చక్రాలు చూసుకుని కాడి సంగతి మరిచాను. ఒక కట్ట తీసి ముందు పిడికి కట్టాను. ఇంకొకటి ఆ నడుం కమ్మీ లేని సందులో కూర్చోబెట్టాను. ఆ సందు దానికే చేసినట్టు కుదిరింది. తోసుకుంటూ సత్రం దాకా వెళ్లి, ఆకు దించి వచ్చాను. తల్లి వెంట బిడ్డ నడిచినట్టు నడిచింది సైకిలు.

"ధర నేను మాట్లాడతా," అని బావ భుజం మీది తువ్వాలు తీశాడు. మా వైపు ఎద్దుల సంతలో నోటితో ధర చెప్పరు. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పక్కనున్నవాడికి తెలియకూడదు. బావ అలవాటుగా తువ్వాలు పరిచేశాడు. పరిచాక గుర్తొచ్చింది, ఎదుట ఉన్నది పరాయి ఆడది. తువ్వాలు గాలిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నర్సమ్మ ఈసారి గట్టిగా నవ్వింది. "మా నాయన సత్యవేడు పక్క ఎద్దుల యాపారి అప్పా. నాకూ ఈ వేళ్ల లెక్క తెలుసు."

నేను ముందుకు జరిగి నా కొంగు మా ఇద్దరి చేతుల మీదా కప్పాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఎన్ని కాన్పులు చేసిన చెయ్యో, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆమె నా వేళ్లు పట్టుకుంది. నేను ఒకటి మడిచాను, అంత తగ్గించమని. ఆమె దాన్ని మళ్లీ విప్పింది. నేను మళ్లీ మడిచాను. ఆమె నా అరచేతిలో గీరింది, టైరు ముసల్దని ముందే చెప్పాను కదా అన్నట్టు. నేను గోరుతో గీరాను, అందుకే మడిచాను అన్నట్టు.

బావ మెడ చాపి చూస్తున్నాడు. "నోటితో చెప్పుకోండి!"

"సంతలో నోటితో చెప్తారా బావా?" అన్నాను. సంత కట్టుబాటు ఆయన తప్పలేడు.

కుదిరింది. నేను గోడవైపు తిరిగి రొండిలోంచి తీసి ఇచ్చాను, ఆమె మందుల పెట్టెలో వేసుకుంది.

"ఎంతకు?" అన్నాడు బావ.

"కుదిరింది."

నా రొండిన ఇంకా ఎంత మిగిలిందో ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరికీ తెలియలేదు. మన దగ్గర ఎంత ఉందో తెలియనప్పుడు మనుషులు మనతో కాస్త ఆచితూచి మాట్లాడతారు. అది నాకు ఆ సైకిలుతో పాటు ఊరికే వచ్చింది.

కానీ బావ ఊరుకోలేదు. దారిలోనే పందెం లాంటిది పెట్టాడు. "ఒక్క దినం, ఒక్కటంటే ఒక్క దినం సత్రంలో మొదటి బంతికి నీ ఆకు అందకపోతే, ఈ సైకిలు నా వాకిట్లో పెట్టి నువ్వు లోపలికి రావాల."

"వస్తా," అన్నాను.

మొదట్లో తోసుకుంటూనే వెళ్లేదాన్ని. "సైకిలుకు కడుపునొప్పా మ్మే, నడిపించుకోని పోతాండావు?" అనేవాళ్లు ఊళ్లో. అనుకోనీ. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా ఉంటుంది కదా, పల్లం చూసి ఎక్కడం నేర్చుకున్నాను. మోకాళ్లు పగిలాయి. మా కొండ ఆకు చాలనప్పుడు పాపనాయుడుపేట దాకా తిరిగి మోదుగాకు కొనుక్కొచ్చేంత నేర్చుకున్నాను.

బ్రహ్మోత్సవాలు వచ్చాయి. సత్రం నిండా జనం. వంటస్వామి ముందే చెప్పాడు, మొదటి బంతికి ఆకు లేకపోతే అరిటాకు తెప్పించుకుని ఇకమీదట అదే వాడుకుంటానని. పొద్దున్నే సైకిలు నిండా కట్టలు వేసుకుని బయల్దేరాను. రేణిగుంట దాటాక వెనక టైరు ఢామ్మని పగిలింది. లోపలి గొట్టం చీలికలైంది.

అప్పుడే వెనకనుంచి బొగ్గుబస్సు వచ్చింది. కిటికీలో బావ. నన్నూ చూశాడు, చక్రాన్నీ చూశాడు.

"వాకిలి ఊడ్పించి పెడతాలే మ్మే!" అని అరిచాడు. బస్సు పొగలో పోయింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే టైరు ఉబ్బుతుందా? పక్కన కళ్లంలో గడ్డివామి కనబడింది. ఒక ముసలమ్మ ఊడుస్తోంది.

"అవ్వా, రెండు పిడికిళ్ల గడ్డి ఇస్తావా?"

"ఎద్దుకా?"

"సైకిలుకు."

"అదీ మేస్తాదా?"

"ఈ దినం మేస్తాది."

బరువు ఒత్తుకోకుండా ఎద్దు వీపున వేసే గంత కుట్టేటప్పుడు గడ్డిని తడిపి, మెలిపెట్టి కూరతారు. అలాగే చేశాను. గడ్డిని తాడులా పేని టైరు లోపల చుట్టూ కూరి, కట్టల తాడు ఒకటి విప్పి పైన బిగించి చుట్టాను. అవ్వ సైకిలు పడకుండా పట్టుకుంది. చక్రం గుండ్రంగా లేదు, అయినా తిరిగింది. గుర్రు గుర్రుమంటూ తిరిగింది. నేను పరుగులాంటి నడకతో తోశాను.

తిరుపతి ముందరి ఎత్తులో బస్సు ఆగిపోయి ఉంది. దాన్ని తోలేవాడు బొగ్గు కుంపటి ఎగదోస్తున్నాడు. జనమంతా దిగి వెనకనుంచి తోస్తున్నారు. తువ్వాలు తలకు చుట్టుకుని, ముఖమంతా మసి పూసుకుని, వాళ్లలో మా బావ.

"అద్దో సైకిలామె!" అన్నాడెవడో. "మనం టిక్కెట్టు కొని తోస్తాండాం, ఆమె ఊరికే తోసుకుంటాండాది!"

బావ బస్సు వదిలి నా చక్రం దగ్గరికి వచ్చాడు. వేలితో నొక్కాడు. "లోపల ఏముండాది?"

"వరిగడ్డి."

ఆయన పొద్దు చూశాడు, బస్సు చూశాడు. బస్సు లోపలికెళ్లి మండీలో అమ్మేదానికి తెచ్చుకున్న వేరుశెనక్కాయల సంచి దించుకొచ్చాడు. దాన్ని నా సైకిలు పక్కన పెట్టాడు.

"ముందర కట్టు బావా," అన్నాను. "ఎనక బరువైతే పైకి లేస్తాది."

సత్రం చేరేసరికి జనం కాళ్లు కడుక్కుంటున్నారు. వంటస్వామి నా చేతిలో కట్టలు లాక్కున్నట్టే తీసుకుని వరసగా పరిచేశాడు. నా ఆకు మీద మొదటి అన్నం పడటం గుమ్మంలో నిలబడి చూశాను. బావ కూడా చూశాడు. వాకిలి మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తానే పిడి అందుకున్నాడు. నడుం కమ్మీ లేని ఆ సైకిలును అంత దూరమూ తోశాడు. మధ్యలో గొంతు తగ్గించి అడిగాడు, "ఇప్పుడన్నా చెప్పు మ్మే. ఎంతకిచ్చింది ఆ నర్సమ్మ?"

"కొంగు కింద మాట కొంగు కిందే బావా."

ఊరి పొలిమేర కనబడగానే, ఎవరైనా చూస్తారని, సైకిలు నా చేతికిచ్చి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. నేను కొంగు నడుముకు చుట్టి ఎక్కాను. గడ్డిచక్రం గుర్రుమంటుంటే, బావ వాకిలి దాటి, మా ఇంటి ముందే దిగాను.