అద్దాలు ఎత్తిన కారు

1962లో నాకు నందిగామలో, హైదరాబాదు రోడ్డు పక్కనే, ఒక టింకరింగ్ షెడ్డు ఉండేది. టింకరింగ్ అంటే గుద్దుకుని సొట్టపోయిన బండి రేకును కొట్టి మళ్ళీ పాత ఆకారానికి తేవడం. షెడ్డు వెనకే మా ఇల్లు. సుత్తి మోతకు చెవులు చిల్లులు పడుతున్నాయని మా ఆవిడ సరస్వతి రోజూ సణిగేది. నాకు మాత్రం ఆ మోత వినకపోతే అన్నం సయించేది కాదు.

గుద్దుకున్న కారుకు పని సరిగా చేశారో లేదో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతుంటారు. పెద్ద విద్యేం కాదు. కారును ఎండలో పెట్టి, పక్కనుంచి ఏటవాలుగా చూడండి. సరిగా కొట్టిన రేకయితే రంగు నున్నగా ఉంటుంది. గుంతల్లో లప్పం కూరి పైన రంగు కొట్టి ఉంటే అలలు అలలుగా కనబడుతుంది. వేలి కణుపుతో కొడితే రేకు ఖంగుమంటుంది, లప్పం దబ్బుమంటుంది. తలుపుల చుట్టూ సందు అంతటా ఒకే మాదిరి ఉండాలి. ఇవన్నీ తెలిసినా, ఆ రోజు అసలు సంగతి నా అంతట నేను పట్టలేకపోయేవాణ్ణి.

ఆ రోజు పొద్దెక్కాక జగ్గయ్యపేట టాక్సీ కోటయ్య వచ్చి ఆగాడు. డిక్కీ మూత దారి పొడుగునా లేచి లేచి పడుతోందట. ముందు సీట్లో చిల్లకల్లు మోతుబరి రంగయ్య గారు. వెనక అద్దాలు ఎత్తి, తెరలు దించి ఉన్నాయి. కొత్తకోడలు ప్రయాణం చేస్తుంటే పెద్దిళ్ళలో అదే మర్యాద. తలుపు తీయగానే పద్దెనిమిదేళ్ళ పిల్ల తూలుకుంటూ దిగి, రోడ్డు పక్కన వాంతి చేసుకుని అక్కడే కూలబడింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ఆమెను పొదివి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"అమ్మాయికి ఒంట్లో బాగోలేదాండి?" అన్నాను.

"మూర్ఛ రోగం" అన్నారు రంగయ్య గారు. "దాచిపెట్టి మా వాడికి కట్టబెట్టారు. ఇదివరకే రెండుసార్లు ఇట్టాగే పడిపోయింది. ఇంక మావల్ల కాదు. కంచికచర్లలో వాళ్ళ నాన్నకి అప్పజెప్పి, పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకొస్తా."

పెళ్ళయి ఏడాది కూడా కాలేదట. నాకు మనసు చివుక్కుమంది. కానీ వాళ్ళింటి గొడవలో మనమెవరం? నోరు మూసుకుని డిక్కీ దగ్గరకు వెళ్ళాను.

మూతకు ఒక పక్క వేలు దూరే సందు, ఇంకో పక్క గోరు కూడా దూరదు. వేలితో కొట్టాను. దబ్బుమంది.

"ఎవడయ్యా చేసింది దీన్ని?"

"ఆర్నెల్ల కిందట వెనకనించి లారీ గుద్దింది మేస్త్రీ. బెజవాడలో ఇస్తే రెండ్రోజుల్లో చేసిచ్చాడు. కొత్త కారులా లేదూ?" అన్నాడు కోటయ్య, ఇంకా మురిసిపోతూ.

"మసిపూసి మారేడుకాయ చేసి నీ చేతిలో పెట్టాడు. నీకు కళ్ళెక్కడున్నాయి?" అని కసిరాను. చెడ్డ పని చూస్తే నా నోరు ఆగదు.

మూత బిగించి పంపేద్దామనుకుంటుండగా మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"ఏవండీ, ఆ పిల్లకి ఇంట్లో ఒక్కసారీ ఇట్టా రాలేదట. మొన్న ఎడ్లబండిలో వేదాద్రి వెళ్ళొచ్చినా ఏం కాలేదట. ఇదివరకు రెండుసార్లూ ఈ కారెక్కితేనేనట. మూర్ఛకి కారేదో, ఎడ్లబండేదో తెలుస్తుందా?"

నా చేతిలో పానా అలాగే ఉండిపోయింది. డిక్కీలో పరిచిన పట్టా లాగి పడేశాను. అడుగు రేకు అతుకు దగ్గర జానెడు పొడుగున చిరిగి ఉంది. అక్కడ చిరిగిన రేకు కోసి, కొత్త ముక్క పెట్టి వెల్డింగు చేయాలి. ఆ బెజవాడ మహానుభావుడు గోనెగుడ్డ కుక్కి, పైన లప్పం మెత్తి, నల్లరంగు పూసి చేతులు దులుపుకున్నాడు. కుదుపులకు లప్పం పగిలి రాలిపోయింది. చిరుగు అంచుల నిండా మసి.

"ఇంజను వెయ్యి కోటయ్యా."

వేయగానే కింది గొట్టంలోంచి పొగ సన్నగా డిక్కీలోకి లేచింది. డిక్కీకి, వెనక సీటుకు మధ్య ఉన్నది ఒట్టి అట్టముక్క.

రంగయ్య గారిని పిలిచి చూపించాను. "ఈ పొగ పీలిస్తే తల తిరుగుద్దండి, వాంతులవుతాయి. ఎక్కువైతే మనిషి లేవడు."

"నేనూ ఇదే కార్లో వచ్చాగా? నాకేం కాలేదే!"

"మీ పక్క అద్దం దించి ఉందండి. కోటయ్య పక్కా అంతే. అమ్మాయి ఒక్కతే మూసిన గదిలో ఉన్నట్టు కూర్చుంది."

"బాగుందయ్యా. రోగం పిల్లది కాదు, కారుదంటావు. బేరం కోసం బానే అల్లావు."

నాకు ఒళ్ళు మండింది. "అయితే మీరే వెనక కూర్చుని చూడండి!" అనేశాను.

ఆయన పౌరుషానికి పోయి నిజంగానే ఎక్కి అద్దాలు ఎత్తుకున్నారు. అప్పుడు నాకు భయం వేసింది. "తల బరువెక్కగానే అద్దం దించండి, పంతానికి పోకండి" అని బతిమాలాను. కోటయ్యను వెనక్కి చూస్తూ ఉండమన్నాను. కారు జగ్గయ్యపేట వైపు వెళ్ళింది. ఆ పెద్దమనిషికి ఏదైనా అయితే నా గతేమిటి? సుత్తి పక్కన పడేసి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను.

కాసేపటికి కారు తిరిగొచ్చింది. తెరలు చిందరవందరగా బయటికి వేలాడుతున్నాయి. వాటి మధ్య నుంచి రంగయ్య గారి తల బయటికి వచ్చి ఉంది. మొహం పాలిపోయింది, వాంతితో ఉత్తరీయం పాడైపోయింది. కోటయ్య చెయ్యిచ్చి దించితే బల్ల మీద చతికిలబడ్డారు. అమ్మాయే లోపల్నుంచి మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన కణతలు నొక్కుకున్నారు. తర్వాత తలెత్తకుండానే అడిగారు.

"ప్రతిసారీ ఇట్టాగే ఉండేదా అమ్మా నీకు?"

"అవునండీ మామయ్యగారూ."

"మరి చెప్పొచ్చుగా!"

"చెప్పానండి" అంది ఆ పిల్ల. "అత్తయ్యగారికి చెప్పా. మీకూ చెప్పా."

కోటయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. రంగయ్య గారు మజ్జిగ తాగి, మెల్లగా లేచారు.

"పదమ్మా, బస్సులో పోదాం."

"ఎటండి?" అంది, ఉన్నచోటే నిలబడి.

"ఇంతదాకా వచ్చాంగా. మీ అమ్మానాన్నల్ని చూసి, రేపు మనింటికి పోదాం. మీ నాన్నతో నేను మాట్లాడాల్సింది ఉంది."

కోటయ్య కారుకు అడుగు రేకు కోసి కొత్తది వేశాను. అది పెద్ద పనేం కాదు. ఆ కారు నాకు నేర్పింది వేరే. అప్పటినుంచి గుద్దుకున్న కారు ఏదొచ్చినా, రంగు చూడకముందే, సందులు కొలవకముందే, అందులో వెనక కూర్చునేవాళ్ళను పిలిచి ఎలా ఉంటోందని అడుగుతాను. ఏమీ లేదండీ అంటే, పక్కనున్న పెద్దవాళ్ళను టీకి పంపించి, మళ్ళీ అడుగుతాను.