ఊఁ కొట్టే డాక్టరమ్మ

నేను కరీంనగర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. కళ్లు తిరుగుతున్నాయంటూ వచ్చేవాళ్లకు, తిరిగేది కళ్లు కాదు, మీ లోపలి చెవి అబద్ధమాడుతోందని ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఆ అబద్ధం ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. నలభై దాటాక విమానం నడపడం నేర్చుకోవడానికి సగం కారణం ఇదే. మబ్బులోకి పోయినవాళ్లు నేల కనబడకుండా రన్‌వే మీదికి ఎలా దిగుతారన్న కుతూహలం మిగతా సగం. "నీకేం పని లేదా?" అన్నారు మా ఆయన. పని బోలెడుంది, కానీ ఆదివారాలు నావి.

మా ఊళ్లో విమానాశ్రయం లేదు. పొద్దున్నే కారు తీసి, నిర్మల్ మీదుగా భైంసా చేరి, అక్కడ నాకు విమానం నేర్పే సార్‌ను ఎక్కించుకుని మహారాష్ట్రలోని ఒక చిన్న విమానాశ్రయానికి పోయేదాన్ని. సార్ భైంసా పత్తి వ్యాపారుల ఇంట పుట్టి, విమానాల్లో జీవితం గడిపిన మనిషి. ఇంట్లో దక్కనీ, బజారులో మరాఠీ, నాతో తెలుగు, రేడియోలో ఇంగ్లీషు మాట్లాడతారు. నాకు మామూలుగా ఎగిరే లైసెన్సు అప్పటికే వచ్చింది. బయటికి చూడకుండా పరికరాలను మాత్రమే నమ్మి నడిపే అర్హత మిగిలింది. ఆ పరీక్షకు పోవాలంటే నా పుస్తకంలో సార్ సంతకం పడాలి.

ఆ సాధనకు నెత్తిన ఒక టోపీ పెడతారు. దాని అంచు కిందికి వాలి, ముందున్న పరికరాలు తప్ప ఇంకేమీ కనబడనివ్వదు. అలా గుడ్డిగా ఆ విమానాశ్రయం మీద గుండ్రంగా తిరిగి, వరస తప్పకుండా కిందికి దిగాలి. దక్షిణాన కూతవేటు దూరంలోనే సైన్యంవాళ్ల నిషిద్ధ గగనతలం. వాళ్ల సాధన ఉన్నప్పుడు అటు పోయామంటే లైసెన్సుకు నీళ్లు వదులుకోవాల్సిందే.

ఒక ఆదివారం ఆ టోపీ పెట్టుకుని, నిమిషం పాటు మెల్లగా కుడికి తిరిగి, రెక్కలు సమం చేసి, ముక్కు దక్షిణానికి పెట్టాను. రేడియోలో కంట్రోలర్ ఏదో చెప్పాడు. సార్ అతనికి జవాబిచ్చి, నాతో అన్నారు.

"డాక్టరమ్మా, దిగుడు బంద్. దక్షిణం మూసిండ్రంట. ఎడమకు తిప్పుండ్రి, తొంభై మీదికి."

"ఊఁ" అన్నాను.

తొంభై అంటే తూర్పు దిక్కు. సార్ రేడియో మార్చే పనిలో పడ్డారు. నేను తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నాను. పైగా విమానం ఎడమకు తిరుగుతున్నట్టే ఉంది. ఒళ్లంతా అదే చెబుతోంది. కళ్ల ముందు దిశ చూపే ముల్లు మాత్రం దక్షిణం మీద నుంచి కదలడం లేదు. ముల్లు పాడైందేమో అనుకున్నానే గాని, కుడికి తిరగడం ఆపినందుకు నా లోపలి చెవి అబద్ధమాడుతోందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇరవై ఏళ్లు ఇదే ముక్క చెప్పి సంపాదించిన డాక్టర్ని!

రేడియోలో కంట్రోలర్ గొంతు పెంచాడు. "మై కంట్రోల్స్!" అని సార్ విమానాన్ని లాక్కుని గట్టిగా ఎడమకు తిప్పారు. సైన్యంవాళ్ల గీత దాటలేదు గాని, దాటడానికి ఇంకెంతో లేదు.

దిగాక ఆయన అరవలేదు. చాయ్ తాగుతూ అడిగారు. "మీరు ఊఁ అంటిరి కదా. మరి ఎందుకు తిప్పకపోతిరి?"

"ఇంటున్న అని ఊఁ అన్న సార్. తిప్పుత అని కాదు."

"నేను తిప్పుతరనుకున్న. గీ ఊఁ పోయేదాక నేను సంతకం వెట్ట."

నాకు ఒళ్లు మండింది. పరీక్ష నెలలోపే ఉంది, మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియదు. కరీంనగర్ వచ్చేదాకా ఒక్కదాన్నే కారులో వాదించుకున్నాను. మా ఇంట్లో అమ్మను అవ్వ అనేవాళ్లం. మా అవ్వ కథ చెబుతుంటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే "పన్నవా?" అని, నిద్రపోయాననుకుని ఆపేసేది. మధ్యలో మాట్లాడితే తిట్టేది. ఊఁ అంటే ఇంకా చెప్పు అని అర్థం. అందులో తప్పేముంది?

తప్పేముందో మర్నాడు తెలిసింది. జమ్మికుంట మార్కెట్లో పత్తి బస్తాలు మోసే పెద్దాయన, కళ్లు తిరుగుతున్నాయని వచ్చాడు. మందులెలా వేసుకోవాలో చెబుతుంటే ప్రతి మాటకూ శ్రద్ధగా ఊఁ కొట్టాడు. ఎందుకో ఆపి, చెవి దగ్గరికి వంగి గట్టిగా, "తాతా, ఏం చెప్పిన్నో జర చెప్పు" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "నాకు ఇనరాదు బిడ్డా. నీ మూతి కదిలినప్పుడల్లా ఊఁ అంటున్న."

ఆయన అప్పటికే రెండుసార్లు నా దగ్గరికి వచ్చి పోయాడు. చెవుల డాక్టర్ని, చెవిటి మనిషి ఊఁ నమ్మి పంపించాను. ఇరవై ఏళ్లలో ఇలా ఎన్ని ఊఁలు నమ్మానో తలుచుకుంటే భయమేసింది. సార్ మీద కోపం పోయింది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాళ్లచేతా మందుల సంగతి తిరిగి చెప్పించుకున్నాను. మా కాంపౌండర్ నాకేదో అయిందనుకున్నాడు.

తర్వాతి ఆదివారం నుంచి సార్ చెప్పిన ప్రతి మాటనూ ఆయనకే అప్పజెప్పాను. పరీక్షకు ముందు ఆఖరి ఆదివారం దక్షిణం మళ్లీ మూశారు. "ఎడమకు తిప్పుండ్రి, తొంభై" అన్నారు సార్. "ఎడమకు, తొంభై, తిప్పుతున్న" అన్నాను. ఒళ్లు వేరే కథ చెబుతున్నా, ఈసారి ముల్లు మాటే విన్నాను. తిరిగి, సర్దుకున్నాక టోపీ తీయడానికి విమానాన్ని ఆయనకు అప్పగించబోయాను.

"యువర్ కంట్రోల్స్, సార్."

"ఊఁ" అన్నారాయన.

నేను చెయ్యి తియ్యలేదు.

"ఊఁ అంటె ఏంది సార్? మంచిగ చెప్పుండ్రి."

ఆయన నా వంక చూసినట్టున్నారు. టోపీ వల్ల నాకు కనబడలేదు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా, "మై కంట్రోల్స్" అన్నారు. అప్పుడు వదిలాను.

దిగాక అడక్కుండానే నా పుస్తకం తీసుకుని సంతకం పెట్టారు. సంతోషంతో నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, కానీ కుతూహలం ఊరుకోదు కదా.

"పైన మీరు ఊఁ అన్నది నన్ను పరీక్ష చేసెటందుకేనా సార్, లేకుంటె మర్చిపోయి అన్నరా?"

ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటూ, "ఊఁ" అన్నారు.