మా అత్త అడిగిన ఉపగ్రహం

నేను నరసరావుపేటలో డిగ్రీ చదివే రోజుల్లో, శనివారం బస్సు దిగి గురజాల దగ్గర మా ఊళ్లో ఇంటికి చేరేసరికి మా మేనత్త మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తూ ఉండేది. నేనూ పక్కన చతికిలబడి, కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు సైన్సు పత్రిక తెలుగులో చెప్పేదాన్ని. ఎవరో చదివేసి కాలేజీకిచ్చిన పత్రికలవి. అక్కడ కొత్త సంచిక అంటేనే ఏడాది పాతది. ఆ సంగతి నేను పట్టించుకుంటేగా!

వాటిలో ఒక ఉపగ్రహం మీద మనసు పడ్డాను. కృష్ణబిలం వెలుగును కూడా మింగేస్తుంది. కానీ అందులో పడబోయే వాయువు దాని చుట్టూ తిరిగి తిరిగి, కాగి కాగి, పడేముందు ఎక్స్‌రే కిరణాలు చిమ్ముతుంది. వాటిని గాలి నేలదాకా రానివ్వదు. అందుకే ఉపగ్రహం పైకెళ్లి, మూడేసి రోజులు కన్నార్పకుండా అటే చూస్తుంది.

"గాలి లేకపోతే మనం చస్తాం గదే, దానికి గాలే అడ్డమా?" అంది అత్త. ఇంకో మిరపకాయ అందుకుని, "మూడు రోజులా! చానా ఓపికే దానికి," అంది.

మా మామ ఆరేళ్ల కిందట నాపరాళ్ల లారీ ఎక్కి పనికి వెళ్లి మళ్లీ రాలేదు. టీ కొట్టు దగ్గర లారీ ఆగితే చాలు, అత్త పని వదిలేసి వెళ్లి డ్రైవర్ని అడిగేది. ఎవరైనా ఒకటే మాట: "చూశానక్కా, బాగానే ఉన్నాడు." నాకు ఒళ్లు మండేది. వీళ్ల నోట్లో పురుగులు పడ అనుకునేదాన్ని.

ఆ మిరపకాయల కాలమంతా నేను గుమ్మంలో ఉండగానే అడిగేది.

"ఏమే, నీ ఉపగ్రహం చూస్తానే ఉందా?"

"చూస్తానే ఉందత్తా."

ఒక శుక్రవారం లైబ్రరీలో తర్వాతి సంచిక తెరిచాను. నా ఉపగ్రహం కిందటి ఎండాకాలంలోనే కిందికి జారి, ఆ గాలిలోనే కాలిపోయిందట. నేను ఉందని చెప్పిన ఏ శనివారమూ అది లేదు. పత్రిక మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు అత్త మళ్లీ అడిగింది. నిజం చెప్పడానికి నోరు రాక, మిరపకాయల వంక చూస్తూ, "చూస్తానే ఉందత్తా," అన్నాను.

తొడిమ తీసే చెయ్యి ఆగింది. "నువ్వు గూడా లారీవాళ్ల మాదిరే చెప్తన్నావేందే? ఎప్పుడు పోయింది?"

చెప్పాను.

"పోన్లే. చూసినకాడికి చూసింది," అంది.

అంతలో రోడ్డు మీద లారీ ఆగిన చప్పుడైంది. అత్త చేతులు చీరకు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, గబగబా అటు నడిచింది.